కుమారస్వామి సార్ కోసం ఒక ఓవెన్

మా గైడు కుమారస్వామి సార్ మంచివాడే. ఓవెన్ తలుపు కనబడితే మాత్రం ఆయన చేతులు ఊరుకోవు.

హనుమకొండలోని మా కాలేజీ ల్యాబ్‌లో నేను పిచ్‌తో కార్బన్ పూసలు చేస్తున్నాను. బొగ్గు తారును కాస్తే అడుగున మిగిలే నల్లటి గడ్డే పిచ్. దాన్ని ఆవగింజంత పూసలుగా చేసి, ఓవెన్‌లో మెల్లమెల్లగా వేడి పెంచాలి. అక్కడ గట్టిపడితేనే తర్వాత ఫర్నేస్‌లో కాల్చి కార్బన్ చేయగలం. సార్ వస్తాడు, తలుపు తీస్తాడు, "ఇగ ఎంతసేపమ్మా? జర పెంచితే అయిపోతది" అని మీట తిప్పి పోతాడు. పూసలన్నీ మెత్తబడి, అతుక్కుని, బెల్లం ముద్దలా తయారవుతాయి. మొదట్లో ఏడ్చేదాన్ని. తర్వాత్తర్వాత ఒళ్ళు మండింది.

ఈసారి రివ్యూకు హైదరాబాద్ నుంచి పద్మలత మేడమ్ వస్తోంది. పూసలు చూపిస్తే నా ఫెలోషిప్ సాగుతుంది. లేదంటే మూటాముల్లె సర్దుకుని డోర్నకల్ రైలెక్కాలి.

అందుకే అసలు పూసలను స్టోర్‌రూమ్‌లోని పాత ఓవెన్‌లో పెట్టాను. ల్యాబ్ ఓవెన్‌లో, అమ్మ జావకని పంపిన తైదలు, అదే రాగులు, గిన్నెడు పోసి, 'హెప్సిబా పూసలు, దయచేసి తెరవొద్దు' అని చీటీ అంటించాను. సార్‌కు అంతకు మించిన ఆహ్వానం ఏం కావాలి! రోజంతా తెరిచాడు, మూశాడు, మీట తిప్పాడు. తైదలు మాడి నల్లగా, గుండ్రంగా, ఎంతో ముద్దుగా తయారయ్యాయి. మాడు వాసన నెపాన్ని క్యాంటీన్ మీదికి నెట్టాను.

రివ్యూ రోజు నేను స్టోర్‌రూమ్ నుంచి అసలు పూసల సీసా తెచ్చేలోపే సార్ ఆ గిన్నెను మేడమ్ ముందు పెట్టేశాడు.

"నేనే దగ్గరుండి చూసుకున్న మేడమ్!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మేడమ్ నాలుగు గింజలు వేళ్ళ మధ్య నలిపింది. పొడైపోయాయి. వాసన చూసింది.

"ఇవి తైదలు కదా?"

సార్ నన్ను చూశాడు. నా చేతిలో సీసాను చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఒక్క మాటంటే చాలు, నేను ఇంటికే.

"తైదలే మేడమ్. తొందరపడి వేడి పెంచితే ఏమైతదో చూపెట్టనీకి నేనే పెట్టించిన. అసలువి మా పిల్ల చేతిల ఉన్నయి."

మేడమ్ నా పూసలనూ నలిపి చూసింది. నలగలేదు. బల్ల మీద పోస్తే గలగలా దొర్లాయి. ఆమె నవ్వి సంతకం పెట్టేసింది.

మేడమ్ ఆటో ఎక్కాక తల దించుకుని నిలబడ్డాను. సార్ తిట్టలేదు. స్టోర్‌రూమ్ తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నీ దగ్గర్నే ఉంచుకో. నేనడిగినా ఇయ్యకు."

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. ఆయన గుమ్మం దాకా పోయి ఆగాడు.

"హెప్సిబా, లోపల మళ్ళ కొత్తవి పెట్టినవా? ఒక్కసారి..."

"ఇయ్య సార్."