పళ్ల డాక్టరుగారు నీలం కారు అమ్మిన వైనం

పళ్ల డాక్టరుగారు తన కారులోనే ఇరుక్కుపోయిన సంగతి తెల్లారేసరికి ఊరంతా పాకిపోయింది. పాకదూ మరి? అది జరిగింది సినిమా హాలు ముందు, సరిగ్గా ఆట వదిలే వేళకి.

ఆ కారు ముదురు నీలం రంగు సెడాన్. నేలని కరుచుకున్నట్టు కూర్చుని ఉంటుంది. ఎనిమిది సిలిండర్ల ఇంజను, మీగడ రంగు తోలు సీట్లు, ముఖం చూసుకోగలిగేంత నున్నటి చెక్క డాష్‌బోర్డు. పరుగు పందేల ఇంజనుని తీసుకొచ్చి పెద్దమనుషుల సోఫా కింద బిగించారని ఆ రోజుల్లో దాని గురించి చెప్పుకునేవాళ్లు. ఆ మోడలు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ప్రాక్టీసు బాగా సాగుతున్న కొత్తల్లో డాక్టరుగారు ముచ్చటపడి కొనుక్కున్నారు. ఇబ్బందల్లా ఒకటే. అందులోంచి దిగాలంటే ముందు ఒక కాలు బయటపెట్టి, నడుము తిప్పి, ఊపు తీసుకుని లేవాలి. ఆ సాయంత్రం ఊపు తీసుకునే దగ్గర నడుము పట్టేసింది. ఒక కాలు రోడ్డు మీద, మిగతా మనిషంతా కారులో. ఒక చెయ్యి భార్య, ఇంకో చెయ్యి బావమరిది పట్టుకుని లాగుతుంటే, హాల్లోంచి వస్తున్న జనం ఆగి మరీ చూశారు. వాళ్లలో సగం మంది ఆయన పేషెంట్లు.

"ఏం కాదు, కొంచెం ఓర్చుకోండి, అయిపోయింది, అయిపోయింది," అన్నారెవరో వెనక నుంచి. డాక్టరుగారు కుర్చీలో కూర్చోబెట్టి రోజూ అందరికీ చెప్పే మాటే అది, అదే గొంతుతో. జనం గొల్లుమన్నారు.

మర్నాడు ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "కారన్నా మార్చు, నడుమన్నా మార్చు. నా దగ్గర నడుములు స్టాకు లేవు," అన్నాడు.

డాక్టరుగారి భార్య రైల్వే స్టేషన్లో ప్రకటనలు చదివే ఉద్యోగం చేస్తుంది. ఇంట్లో కూడా ఆవిడ ఒక మాట అన్నదంటే రైలు ప్లాట్‌ఫారం మారిపోయినట్టే. అటు పరుగెత్తడం తప్ప ఎవరూ చేయగలిగింది లేదు. "కారు అమ్మేస్తున్నాం. ఎత్తుగా ఉండేది ఇంకోటి కొంటున్నాం," అంది ఆవిడ. డాక్టరుగారి గుండెలో రాయి పడింది.

ఆయన ఆ కారుని కంటికి రెప్పలా చూసుకున్నారనడం చాలా తక్కువ చేసి చెప్పడం. చక్రాల సందులు పళ్ల బ్రష్షుతో తోమేవారు. కారు కింద ఎక్కడైనా తుప్పు మొదలైందేమోనని, నోట్లో పుచ్చుపళ్లు వెతికే బుల్లి అద్దం పెట్టి చూసేవారు. ఎక్కేముందు ఎవరైనా సరే చెప్పులు విప్పి గుడ్డసంచిలో వేసి ఒళ్లో పెట్టుకోవాలి. లోపల తినకూడదు, తాగకూడదు, అద్దానికి తల ఆనించకూడదు. ఆకాశంలో మబ్బు కనిపిస్తే కారు తడుస్తుందని కుటుంబమంతా బస్సెక్కేవాళ్లు. ఎండ మరీ ఎక్కువైనా బస్సే. ఏ ఆదివారమో వాతావరణం అన్ని విధాలా అనుకూలిస్తే, డాక్టరుగారు దాన్ని బయటికి తీసి పార్కు చుట్టూ, మహా అయితే సినిమా హాలుదాకా, తిప్పి తెచ్చేవారు. పార్కులో నడిచేవాళ్లు కొందరు ఆయన్ని దాటిపోయేవాళ్లు. పైగా ప్రతిసారీ స్టార్టు చేయగానే అది ఖళ్లుఖళ్లున దగ్గేది. ఎంతమంది మెకానిక్కులకి చూపించినా జబ్బేమిటో తేలలేదు.

ప్రకటన డాక్టరుగారే రాశారు. అది కారు అమ్మకానికి రాసినట్టు లేదు, పెంచిన పిల్లకి సంబంధం వెతుకుతున్నట్టుంది. 'నెమ్మదస్తులకు మాత్రమే' అన్న ముక్కని భార్య కొట్టేసి, ఫోన్ నంబరు చేర్చింది.

మొదట వచ్చింది ఇళ్లు కట్టే కాంట్రాక్టరు. మనిషి మర్యాదస్తుడే. చుట్టూ తిరిగి చూశాడు, మెచ్చుకున్నాడు, సీట్లో కూర్చున్నాడు, దిగి తలుపు వేశాడు. ఆ వేయడం దభీమని వేశాడు. డాక్టరుగారు తన చెంప మీద కొట్టించుకున్నట్టు ముఖం పెట్టారు.

"ఈ కారు మీకు పడదండి," అన్నారు.

"ఎందుకు పడదు? నాకు బాగా నచ్చిందండి."

"మీరు దానికి నచ్చలేదు."

ఆ తర్వాత వచ్చిన కొత్త దంపతుల్లో భర్త చేతిలో చిప్స్ పొట్లం ఉంది. దాన్ని చూడగానే డాక్టరుగారు గ్యారేజీ షట్టరు సగానికి దించేశారు. వాళ్లు వంగి కారు చక్రాలు మాత్రం చూసి వెళ్లిపోయారు. ఇంకొకాయన అన్నీ నచ్చి, తలుపు కూడా మెత్తగా వేసి, చివరికి "హారను కొంచెం పెద్దది బిగించుకుంటాను," అని నోరు జారాడు. ఆయనదీ అదే గతి.

ఇలా లాభం లేదని బావమరిది రంగంలోకి దిగాడు. అతనికి పరుపుల కొట్టు ఉంది. ఈ కారు మీద ఎప్పటినుంచో కన్నుంది.

"బావగారూ, బయటివాళ్ల చేతిలో పెట్టడం దేనికి? నాకిచ్చేయండి. ఇంట్లో బండి ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు.

"నీకెందుకోయ్ ఇంత పెద్ద ఇంజను?"

"ఇంజనుతో నాకేం పని? మన కొట్టుకి ప్రచారం కావాలి. పైకప్పుకి నాలుగు బోల్టులు వేసి, పెద్ద దిండు బొమ్మ ఒకటి బిగిస్తాను. లోపల దీపం వెలుగుతుంది. డిక్కీ మీద 'హాయిగా నిద్రపోండి' అని రాయిస్తాను."

డాక్టరుగారు ఆ రోజు అన్నం ముట్టలేదు. పైకప్పుకి బోల్టులు వేయడమంటే ఆయన నెత్తి మీద వేసినట్టే.

భార్య మాత్రం ఆ ఆలోచన తనకి బ్రహ్మాండంగా నచ్చినట్టు నటించింది. "ఈ ఆదివారం లోపల మీరు ఎవరికీ అమ్మకపోతే మా తమ్ముడికి ఇచ్చేస్తున్నాం. దిండు ఆర్డరు ఇచ్చుకోమని చెప్పాను," అంది. అంతటితో ఊరుకోకుండా క్లినిక్కుకి వెళ్లి, వెయిటింగ్ గదిలో కూర్చున్న ప్రతి పేషెంటుకీ కారు సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పంటి నొప్పితో ఉన్నవాళ్లు ఎక్కడికీ లేచి పోలేరు గనక, అందరూ చివరిదాకా విన్నారు.

అలా విన్నవాళ్లలో రిటైరైన జడ్జిగారు ఒకరు. పొట్టిగా, చురుగ్గా ఉండే పెద్దావిడ. దళసరి కళ్లద్దాల వెనక నుంచి ఆవిడ చూస్తే, ఏ తప్పూ చేయనివాళ్లు కూడా చేతులు కట్టుకుంటారు. కుర్చీలో వెనక్కి వాలుతూనే, "మీ కారు నేను చూస్తాను," అంది.

డాక్టరుగారికి ఇది మంచి అవకాశంగా తోచింది. ఆవిడ నోట్లో దూది కుక్కి, గొట్టం తగిలించి, నెమ్మదిగా వివరాలు రాబట్టడం మొదలుపెట్టారు.

"కారులో తినే అలవాటు ఉందా మేడమ్?"

"ఆఁ ఆఁ," అంది జడ్జిగారు.

లేదంటోందని ఆయన సంతోషపడ్డారు. "వానలో బయటికి తీస్తారా?"

"ఆఁ ఆఁ."

"తలుపు నెమ్మదిగానే వేస్తారుగా?"

"అఁహఁ."

"ఇంట్లో కుక్కలు గట్రా ఏమైనా..."

ఆవిడ రెండు వేళ్లు చూపించింది. రెండు నిమిషాలు విశ్రాంతి కావాలేమోనని ఆయన ఆగారు. ఆవిడ లేచి పుక్కిలించి ఉమ్మి, "రెండున్నాయి. పెద్దవి," అంది. "వానలో తీస్తాను. ఆకలేస్తే తింటాను. తలుపు మూసుకునేదాకా వేస్తాను. రేపు పొద్దున్న వస్తున్నాను. వాయిదాలంటే నాకు పడదు."

కుదరదని చెప్పడానికి డాక్టరుగారు నోరు తెరిచారు. కళ్ల ముందు దీపం వెలుగుతున్న దిండు కదలాడింది. తెరిచిన నోరు అలాగే మూసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గ్యారేజీలోకి వచ్చి, కారుని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా చూసింది. డాక్టరుగారు వినయంగా గుడ్డసంచి అందించారు.

"ఇదెందుకు?"

"చెప్పులు పెట్టుకోవడానికండి."

"బాగుంది. గుడ్డ గట్టిది," అని ఆవిడ దాన్ని మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, చెప్పులతోనే ఎక్కి స్టీరింగు ముందు కూర్చుంది. డాక్టరుగారు పక్క సీట్లో కూర్చున్నారు. కొన్న నాటినుంచీ ఆ సీట్లో ఆయన కూర్చోలేదు. ఎవరింటికో చుట్టంచూపుగా వెళ్లినట్టు ఒద్దికగా మోకాళ్లు దగ్గర పెట్టుకున్నారు. భార్య వెనక కూర్చుంది. జడ్జిగారు చెప్పులు విప్పలేదన్నది గమనించి తనూ విప్పలేదు.

కారు యథాప్రకారం ఖళ్లుఖళ్లుమని దగ్గి బయల్దేరింది. ఊరు దాటేదాకా బాగానే ఉంది. గోడౌన్లు దాటాక వెడల్పాటి రోడ్డు తిన్నగా పరిచినట్టు ఉంటుంది.

"ఇది ఎప్పుడైనా పూర్తి బలంతో పరుగెత్తిందా?" అని అడిగింది జడ్జిగారు.

"లేదండి. అపురూపంగా చూసుకున్నాను."

"ఏ నేరం మీద?" అని, ఆవిడ కాలు అదిమింది.

అన్నేళ్లుగా గొణుగుడు తప్ప మరో మాట ఎరగని ఇంజను ఒక్కసారిగా గొంతు విప్పింది. సీటు డాక్టరుగారిని వెనక నుంచి వాటేసుకుంది. కరెంటు స్తంభాలు వరస తప్పకుండా పరుగెత్తుకొచ్చి వెనక్కి పోతున్నాయి. పార్కు చుట్టూ తిరిగే కారేనా ఇది? ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక సీట్లోంచి ఏదో చప్పుడు వినిపిస్తే, భార్య భయంతో ఏడుస్తోందనుకుని అతికష్టం మీద తల తిప్పారు. ఆవిడ పడీపడీ నవ్వుతోంది. ఆ కారులో ఆవిడ నవ్వడం ఆయన చూడటం అదే మొదటిసారి.

అంతలో ఆయన చెవికి ఇంకో శబ్దం తగిలింది. కటకటకటమని సన్నగా, ఆగకుండా.

"ఆపండి మేడమ్, ఆపండి. ఏదో ఊడింది."

జడ్జిగారు పక్కకి తీసి ఆపింది. శబ్దం ఆగిపోయింది. బయల్దేరి వేగం అందుకోగానే మళ్లీ కటకట. డాక్టరుగారు డాష్‌బోర్డుకి చెవి ఆనించారు. తలుపుకి ఆనించారు. సీటు కింద చెయ్యి పెట్టి తడిమారు. తన కారులో ఏ మూలా చిన్న చప్పుడైనా లేదని ఊరందరికీ చెప్పుకున్న మనిషికి తల కొట్టేసినట్టైంది.

భార్య ముందుకి వంగి కాసేపు విని, "ఏమండీ, ఒక్కసారి నోరు గట్టిగా మూయండి," అంది.

మూశారు. కటకట ఆగింది.

"అవి మీ పళ్లండీ," అంది ఆవిడ, ప్లాట్‌ఫారం నంబరు చెప్పినంత స్పష్టంగా.

ముందుగా జడ్జిగారి భుజాలు కదిలాయి. తర్వాత డాక్టరుగారికే నవ్వు ఆగలేదు. నడుము నొప్పి పుట్టేదాకా నవ్వి, కళ్లు తుడుచుకుని, "ఇప్పుడు ఎంత వేగంలో పోతున్నామండీ?" అని అడిగారు.

"చట్టం ఒప్పుకున్నంత. అంతకు మించి ఒక్క పిసరు ఎక్కువ పోలేదు," అంది ఆవిడ. ఆయనేమో విమానమంత వేగం అనుకున్నారు.

రోడ్డు చివర కారు ఆపి, "వచ్చేటప్పుడు మీరు తీసుకురండి," అని ఆవిడ దిగింది. డాక్టరుగారు సీటు మారడానికి ఇద్దరాడవాళ్లూ చెరో చెయ్యీ పట్టుకుని లాగాల్సి వచ్చింది. అవతలివైపు కూర్చోబెట్టి, కాళ్లు కూడా వాళ్లే లోపల పెట్టారు. ఆయన తాళం తిప్పారు. కారు దగ్గలేదు. ఆయన ఆశ్చర్యపోయి, ఆపి మళ్లీ తిప్పారు. ఈసారీ దగ్గలేదు. ఇంజనులో ఇన్నాళ్లూ పేరుకున్న మసంతా ఆ పరుగుతో కొట్టుకుపోయినట్టుంది. పాపం, దానికి పట్టిన జబ్బల్లా కదలకుండా కూర్చోవడమే అన్నమాట. ఆయనకి సిగ్గేసింది. తర్వాత సిగ్గు పోయి హుషారొచ్చింది. మొదట భయంగా, ఆపైన ధైర్యంగా, చివరికి ఒళ్లు తెలియకుండా కాలు అదిమారు.

"డాక్టరుగారూ," అంది పక్కనుంచి జడ్జిగారు, "అనుమతించిన వేగం దాటారు."

ఆయన గతుక్కుమని తగ్గించారు.

"నేను కళ్లారా చూశాను. మీ భార్య సాక్షి. బండి నాకు అమ్మితే ఈ సంగతి ఇక్కడితో మర్చిపోతాను."

"అమ్మండి," అంది సాక్షి.

అలా బేరం కుదిరింది. సాయంత్రం డాక్టరుగారు తాళాలతోపాటు పళ్ల బ్రష్షుల డబ్బా కూడా ఇవ్వబోతే, జడ్జిగారు ఇంట్లో ఉన్న పళ్లకి అవసరమైనన్ని తీసుకుని మిగతావి తిరిగిచ్చేసింది. బావమరిది రెండ్రోజులు ముఖం ముడుచుకున్నాడు. దిండు బొమ్మ తయారైపోయిందట. చివరికి దాన్ని కొట్టు మీదే బిగించి దీపం వెలిగిస్తే, ఎదురింటివాళ్లకి నిద్ర కరువైంది.

కొత్త కారు తెల్లగా, ఎత్తుగా, చక్రాలున్న బీరువాలా ఉంటుంది. డాక్టరుగారు కుర్చీ మీంచి లేచినట్టు దాంట్లోంచి దిగిపోతున్నారు. నియమాలేవీ పెట్టలేదు. భార్య మొదటిరోజే బఠాణీలు తింటూ ఎక్కింది. ఒకటి సీటు సందులోకి జారిపోయింది. అది అక్కడ ఉందని ఆయనకి తెలుసు, ఊరుకున్నారు.

నెల తిరక్కుండానే ఒక ముసురుపట్టిన మధ్యాహ్నం, సిగ్నల్ దగ్గర వాళ్ల పక్కనే నీలం కారొచ్చి ఆగింది. అసలది నీలమని గుర్తుపట్టడమే కష్టం, అద్దాల దాకా బురద. వెనక కిటికీలోంచి రెండు పెద్ద కుక్కలు తలలు బయటపెట్టి నాలుకలు వేలాడేసుకున్నాయి. మీగడ రంగు సీట్ల గతేమైందోనని డాక్టరుగారు మెడ సాచి చూశారు. జడ్జిగారు బన్ను నములుతూ ఆయన వైపు చూసి తల ఊపింది. దీపం పచ్చబడగానే ఇంజను హాయిగా ఒళ్లు విరుచుకున్నట్టు గర్జించి, కారు వెళ్లిపోయింది.

"ఎంత మురికి పట్టించిందో చూశారా?" అంది భార్య జాలిగా.

"చూశాను. గొంతు విన్నావా, ఎంత బాగుందో?" అన్నారు డాక్టరుగారు.

వెనక బళ్లవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. ఆయన స్టీరింగు రెండు చేతులా పట్టుకుని, బలమంతా పెట్టి కాలు అదిమారు. బీరువా మూలిగింది, ఊగింది, ఒక సైకిలుని దాటింది. భార్య పైనున్న పిడి పట్టుకుని, చట్టం ఎంతవరకు ఒప్పుకుంటుందో ఆయనకి గుర్తుచేస్తూ కూర్చుంది.