రెండు వేళ్ళ మందం

“పాలగిన్నె పక్కన బురద పెట్టుకునే కొంప ఈ వీధి మొత్తానికీ మనదొక్కటే,” అంది అత్తగారు మూడోసారి. మొదటి రెండుసార్లూ ఎవరూ పలకలేదని ఈసారి ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచిపెట్టి మరీ అంది.

“తలుపు వెయ్యండత్తయ్యా. వేడెక్కిపోతుంది.”

“ఏది? పాలా, బురదా?”

“రెండూ.”

“విన్నావురా? మీ ఆవిడకి పాలూ బురదా ఒకటేనట!”

కొడుకు పేపరు వెనకనుంచి నవ్వాడు గానీ ఎవరి పక్షమూ చేరలేదు. పదిహేనేళ్ళ కాపురంలో ఆయన నేర్చుకున్న గొప్ప విద్య అదే. “నాలుగు రోజులు ఓపిక పట్టమ్మా. వాళ్ళ ఆఫీసులో చల్లగది పాడైందటగా.”

“నాలుగు రోజులని సోమవారం చెప్పింది. ఇవాళ శనివారం. ఇంజనీరువి కదా, లెక్కపెట్టు.”

ఫ్రిజ్ మధ్య అరలో, ప్లాస్టిక్ కాగితం చుట్టుకుని, మూరెడు పొడవు గొట్టాలు రెండు పడుకుని ఉన్నాయి. వాటిలో ఉన్నది ధ్రువం దగ్గర సముద్రం అడుగునుంచి తోడి తెచ్చిన బురద. దాన్ని తెచ్చిన కోడలిని ఆ ఇంట్లో అందరూ రాళ్ళమ్మ అంటారు. రాళ్ళని చదవడం ఆమె ఉద్యోగం. పదేళ్ళ కూతురు కూడా కోపమొస్తే అమ్మని అలాగే పిలుస్తుంది.

అప్పుడే చిట్టి డ్యూటీ దిగి వచ్చింది. చిట్టి ఇంజనీరుగారి చెల్లెలు. ఆసుపత్రిలో ఆపరేషను సామాన్లు కడిగి ఆవిరిపట్టే విభాగంలో పని. వస్తూనే గ్లాసుడు నీళ్ళు తాగి, గ్లాసు కడిగి బోర్లించింది.

“గ్లాసులాగే కడిగావా, జల్లెడ కడిగినట్టు కడిగావా?” అన్నాడు అన్నయ్య.

పన్నెండేళ్ళ నాటి హాస్యం అది. అరిగిపోయినా ఆయనకి విసుగు లేదు. అత్తగారు నవ్వింది, చిన్నపిల్ల నవ్వింది, అలవాటు కొద్దీ చిట్టి కూడా నవ్వింది.

“ఇంక చాలించండి,” అంది రాళ్ళమ్మ.

గొంతు తను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. నలుగురూ ఆమెకేసి చూశారు. ఆమె బ్యాగు తగిలించుకుని, చెప్పులు వేసుకుని బయటపడింది.

పన్నెండేళ్ళ కిందట చిట్టి కూడా రాళ్ళమ్మ ప్రయోగశాలలోనే పనిచేసేది. వదినే పెట్టించింది. బురదని సన్నటి జల్లెడలో పోసి కడగడం, మిగిలిన రవ్వల్ని ఆరబెట్టి సీసాల్లోకి ఎత్తడం ఆమె పని. ఒక మచ్చు పూర్తయ్యాక జల్లెడ కడిగి, శుభ్రమైన తెల్ల ఇసుక గుప్పెడు అందులోంచి జల్లించి, ఆ ఇసుకని వేరే సీసాలో తారీకు వేసి దాచాలి. జల్లెడ కళ్ళల్లో పాత రవ్వ ఒక్కటి ఇరుక్కుని ఉన్నా ఆ తెల్ల ఇసుకలో బయటపడుతుంది. దాన్ని సాక్షి సీసా అనేవాళ్ళు. చిట్టి ఏనాడూ ఆ సీసా దాచడం మరిచిపోయింది లేదు.

ఆ ఏడాది బురదలో ఒక పొర నిండా గార్నెట్ అనే గులాబీ రంగు ఖనిజం రవ్వలు కనిపించాయి. అక్కడ ఉండకూడనివి. అంతకు ముందు వారమే ఆ ధ్రువం దగ్గరి మంచునేల లోపలి కొండలనుంచి వచ్చిన రాయిని నలగ్గొట్టి, అవే జల్లెళ్ళలో జల్లించారు. ఆ రాయి నిండా గులాబీ గార్నెట్లే. ఇంకేముంది, చిట్టి జల్లెడ సరిగ్గా కడగలేదని రాళ్ళమ్మ తేల్చేసింది.

“కడిగాను వదినా. సాక్షి సీసా చూడు,” అంది చిట్టి.

ఆ మంచు కదులుతుందా లేదా అని సర్కారుకి ఇవ్వాల్సిన నివేదికకి రెండు రోజులే గడువు. రాళ్ళమ్మ చూడలేదు. ఆ పొరని లెక్కలోంచి కొట్టేసింది. పదిమంది ముందు చిట్టిని కడిగిపారేసింది కూడా. నెల తిరక్కుండా చిట్టి ఆ ఉద్యోగం మానేసింది. ఇంట్లో ఆ హాస్యం మాత్రం మిగిలిపోయింది.

ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న బురద వేరే చోటునుంచి తోడింది. పాత చోటుకి రెండు వందల కిలోమీటర్ల దూరం. ఈసారి రాళ్ళమ్మ కొత్త జల్లెడ కట్ట విప్పి, తనే కడిగింది. అదే కాలం నాటి పొరలో, అవే గులాబీ రవ్వలు. లేజరు యంత్రం కింద పెట్టి వయసు తీస్తే లోపలి కొండల వయసే వచ్చింది. మూడుసార్లు తీసింది. మూడుసార్లూ అంతే.

మంచు నడుస్తుంది. నడుస్తూ కింది కొండని గీకుతుంది. ఆ పొడి మంచులోనే ఇరుక్కుని సముద్రం దాకా వచ్చి, అక్కడ మంచు విరిగి కరిగినప్పుడు అడుక్కి దిగుతుంది. ఏ కొండ రాతి వయసు ఆ కొండదే కాబట్టి, రవ్వ ఎక్కడ పుట్టిందో తెలిస్తే ఆనాడు మంచు ఏ దారిన నడిచిందో తెలుస్తుంది. మామూలుగా అక్కడ దొరికేవి తీరం కొండల బూడిదరంగు రవ్వలు. తీరంలో ఉన్న మంచు గుమ్మానికి అడ్డగడియలా లోపలి మంచుని ఆపి ఉంచుతుంది. గులాబీ రవ్వ సముద్రంలోకి వచ్చిందంటే గడియ విరిగిందన్నమాట. లోపలి ఇల్లంతా బయటికి పరిగెత్తిందన్నమాట. అంత మంచు వచ్చి పడితే ప్రతి తీరంలోనూ సముద్రం పైకి లేస్తుంది.

ఎంతకాలంలో? బూడిదరంగు పొర ఆగిన చోటికీ గులాబీ పొర నిండిన చోటికీ మధ్య బురద రెండు వేళ్ళ మందం ఉంది. అక్కడ బురద చేరే తీరునుబట్టి అరవై ఏళ్ళు. ఒక మనిషి పుట్టి మనవల్ని ఎత్తుకునేంత కాలం. ఆ బురదలోని గవ్వలనుబట్టి చూస్తే ఆనాటి సముద్రం వేడి ఇంచుమించు ఈనాటి వేడే.

ఇంట్లో చెప్పింది అబద్ధం. చల్లగది పాడవలేదు. ఇంకో కన్ను ఆ గొట్టాలమీద పడకముందు ఏం చెయ్యాలో తనకి తట్టాలని, తట్టకపోతే ఎలా అని, సంచిలో పెట్టుకుని ఇంటికి మోసుకొచ్చింది.

శనివారం మధ్యాహ్నానికి ప్రయోగశాల ఖాళీ అయింది. మచ్చుల గదిలో పన్నెండేళ్ళ కిందటి సొరుగు ఉంది. వారం రోజులుగా దాని ముందునుంచి వెళ్తూ వస్తూ ఉంది గానీ తెరవలేదు. ఇవాళ లాగింది. బొటనవేలంత సీసా, మూతమీద తారీకు, చిట్టి గుండ్రటి దస్తూరీ. సున్నాలో చిన్న చుక్క పెట్టడం చిట్టి అలవాటు.

ఇసుకని గాజుపళ్ళెంలో పోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. తెల్లటి ఇసుక. పళ్ళెం జరిపింది. తెల్లటి ఇసుక. ఓ మూలనుంచి ఇంకో మూలకి, గీత తప్పకుండా, గంటన్నరసేపు జరిపింది. ఒక్క గులాబీ రవ్వ లేదు.

జల్లెడ శుభ్రంగా ఉంది. పన్నెండేళ్ళుగా శుభ్రంగానే ఉంది.

‘ఆ మంచు వెచ్చని కాలంలో కూడా కదల్లేదు’ అని ఆనాటి నివేదికలో రాసి కింద సంతకం పెట్టింది తను. ఆ వాక్యం చూసుకునే ఊరికి సముద్రపు గట్టు ఎత్తు ఖాయం చేశారు. కట్టించింది తన భర్త. ఆ గట్టు వెనక, రెండు వీధుల ఇవతల, తమ ఇల్లు.

తిరిగి వస్తుంటే వాన లేకుండానే వీధి తడిగా ఉంది. మూలమీద మురుగుకాలువ జాలీలోంచి నీళ్ళు బుడబుడమంటూ పైకి వస్తున్నాయి. సముద్రం వైపు పోవలసిన కాలువ ఇటు నడుస్తోంది. కుట్టుపని చేసే ఆవిడ గుమ్మానికి అడ్డంగా గోనెసంచి కుక్కి, “పౌర్ణమికి వచ్చేవి, ఇప్పుడు ఉత్తప్పుడూ వస్తున్నాయి,” అంది, చుట్టాల గురించి చెప్పినంత మామూలుగా. రాళ్ళమ్మ ఆ నీళ్ళలో వేలు ముంచి నాలిక మీద పెట్టుకుంది. ఉప్పు.

భర్త గట్టు దగ్గరే ఉన్నాడు, కొలబద్ద చూస్తూ.

“ఏవండీ, గట్టు ఇంకా ఎత్తు కావాలంటే?”

“ఎవరంటారు?”

“ఎవరో ఒకరు.”

“అన్నవాళ్ళకి నీ నివేదిక చూపిస్తాను,” అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఆయన కొలబద్ద వదిలేసి దగ్గరికొచ్చాడు. “ఏమైంది?”

ఆమె చెప్పింది. గొట్టాల సంగతి, సీసా సంగతి, రెండు వేళ్ళ మందం సంగతి. అంతా విన్నాక ఆయన గట్టు రాతిమీద చెయ్యి ఆనించాడు.

“ఒక్క పొరేగా,” అన్నాడు. “ఇంకో చోట తోడాక, అదీ చూశాక చెప్పకూడదూ? ఇంకో రెండేళ్ళు. ఈలోగా నీ పేరు, నా పేరు...”

“ఇదే రెండో చోటు. మొదటిది మీ చెల్లెలు చూపించింది.”

ఆయన సముద్రంకేసి తిరిగాడు. గట్టు అవతల అలలు పెద్దగా ఏం లేవు. నీళ్ళు మాత్రం నిండుగా, చప్పుడు లేకుండా, గిన్నె అంచుదాకా పోసినట్టు ఉన్నాయి.

ఆదివారం మధ్యాహ్నం అందరూ ఒక్కసారి భోజనానికి కూర్చునే రోజు. అత్తగారు వడ్డిస్తోంది. చిన్నపిల్ల గరిటె లాక్కుని తను వడ్డిస్తానంటోంది. చిట్టి ఏదో డాక్టరు గురించి చెప్పి నవ్విస్తోంది. ఇంజనీరుగారు కంచంలో వేలితో గీతలు గీస్తున్నాడు.

“ఏరా, నీకూ బురద వడ్డించనా? ఫ్రిజ్ నిండా ఉంది,” అంది అత్తగారు.

“రేపు తీసుకెళ్ళిపోతానత్తయ్యా,” అంది రాళ్ళమ్మ.

“చల్లగది బాగైందా?”

“అది పాడవలేదు. అబద్ధం చెప్పాను.”

గరిటె గిన్నెలో ఆగింది. చిన్నపిల్ల నాన్న ముఖంలోకి చూసింది. ఆయన తలెత్తలేదు.

రాళ్ళమ్మ చిట్టి వైపు తిరిగింది. ఏడుపు వస్తుందేమోనని రాత్రంతా భయపడింది గానీ రాలేదు.

“చిట్టీ, నీ సాక్షి సీసా నిన్న చూశాను. అందులో ఏమీ లేదు.”

చిట్టి నవ్వు ముఖంమీద అలాగే కాసేపు ఉండి, తర్వాత లేదు. “ఆ రోజు చూడమన్నాను వదినా,” అంది.

“ఏవిటే ఈ గోల, ఎవరి సీసా? ఏం జరిగింది?” అంది అత్తగారు.

రాళ్ళమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. ఒక్కొక్కరినీ చూసింది, అత్తగారిని, భర్తని, కూతుర్ని, చిట్టిని.

“రేపు పొద్దున ఆ నివేదిక వెనక్కి తీసుకుంటున్నాను,” అంది మెల్లగా. “జల్లెడ తప్పు లేదని, చూడకపోవడం నా తప్పని, చిట్టి పేరుతో సహా రాశాను. ఈ గట్టు మనల్ని కాయదని కూడా రాశాను. ఉత్తరం తయారుగా ఉంది. బయటివాళ్ళకన్నా ముందు మీకు చెప్పాలని ఆగాను.”