వేడిగా ఉండగా

బంగాళాదుంపలు వేయించడంలో ఒక సుఖం ఉంది. నూనె చిటపటల్లో హాల్లో మాటలు సగమే వినిపిస్తాయి. ఆ రోజు ఆ సగమే ఎక్కువైంది.

"ఊరికే తిండి పెడుతూ పోతే ఇక పని ఎవరు చేస్తారండీ?" అంటున్నారు మావారు, సోఫాలో వెనక్కి వాలి, ఖాళీ ప్లేటు వంటింటి వైపు చాచి. ఆ చాచడం నా కోసం. మా ఇంట్లో ప్లేటుకి నోరుంది. కాస్త చాస్తే ఇంకొంచెం, టకటకలాడిస్తే ఆలస్యమైందని.

వీధి చివర మూతబడిన పోస్టాఫీసు గదుల్లో ప్రభుత్వం ఉచిత భోజనశాల తెరుస్తానంటోంది. వీధివాళ్లు ఏమంటారో కనుక్కోవడానికి ఆఫీసరమ్మ వస్తున్నారు. మావారు అపార్ట్‌మెంట్ సంఘానికి కార్యదర్శి కాబట్టి సభ మా హాల్లో పెట్టారు. సంఘానికి కార్యదర్శి ఆయన, ఆ కార్యదర్శికి కార్యవర్గం మొత్తం నేను.

"మన పన్నులండీ, మన పన్నులు!" పై అంతస్తు ఆడిటర్‌గారి గొంతు, నోటి నిండా నా బంగాళాదుంపలతో. "ఊరికే వచ్చేదానికి విలువుండదు. అమ్మా, ఇంకాస్త ఉందా? ఉప్పు కొంచెం తగ్గినట్టుంది."

వేశాను. ఉప్పు కూడా వేశాను. ఉచితంగా తిండి పెట్టడం గురించి నాకూ కాస్త అనుభవం ఉందని ఈ పెద్దమనుషులకు ఎవరైనా చెబితే బాగుండును. పెళ్లయిన దగ్గర్నుంచీ నేను నడుపుతున్నది అదే కదా, ఆదివారాలు కూడా మూయకుండా. ఊరికే తినేవాళ్లకు బద్ధకం వస్తుందన్న మాట మాత్రం ముమ్మాటికీ నిజం. మా ఇంట్లో మంచినీళ్ల గ్లాసు కూడా ఎవరూ లేచి తెచ్చుకోరు. కాలేజీలో ఎకనామిక్స్ చదివాను. ఇంట్లో ఆడవాళ్లు చేసే పని దేశ ఆదాయం లెక్కలోకి రాదని బట్టీపట్టి రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ మార్కులతో వచ్చి ఈ పొయ్యి దగ్గర నిలబడ్డాను. నా భోజనం అందరిదీ అయ్యాక, గిన్నె అడుగున మిగిలింది, చల్లారింది, సింకు పక్కన నిలబడి. "వండే మనిషికి వాసనకే కడుపు నిండుతుందమ్మా" అనేవారు అత్తగారు. "ఇంట్లోనే ఉంటావుగా, నీకెప్పుడు కావాలంటే అప్పుడు తినొచ్చు" అంటారు మావారు. ఆ 'అప్పుడు' కోసమే ఇన్నేళ్లుగా చూస్తున్నాను.

చెప్పుల స్టాండు పక్కన ముడుచుకుని కూర్చుంది కింది గదిలో అద్దెకుండే కుట్టుమిషన్ అక్క. వంట చేసుకుంటే కుట్టు ఆగుతుంది, కుడుతూ కూర్చుంటే వంట ఆగుతుంది. అందుకని మధ్యాహ్నం బన్ను టీలో ముంచుకుని తింటుంది. "టీ వేడిగా ఉంటుందిగా, సరిపోతుంది" అంది ఓసారి. ఆ భోజనశాల వస్తే ఆమె పగలు అన్నం తింటుంది. రాకపోతే బన్నే.

మామూలుగా మా సంఘంలో ఇంటికో ఓటు, అది మగవాళ్లది. కానీ ఆ రోజు బలం చూపించాలని మావారికి గొప్ప ఆలోచన వచ్చింది. "ఇంటికో చెయ్యి అంటే పలచగా కనిపిస్తాం. మనిషికో చెయ్యి అందాం. మీ మీ ఆవిడల్ని తీసుకురండి" అని పొద్దున్నే అందరికీ ఫోన్లు చేశారు. తర్వాత నా వైపు తిరిగి, "నేను ఎత్తినప్పుడు ఎత్తు, అంతే. గరిట పక్కన పెట్టి రా" అన్నారు. పాపం, భార్యంటే తన రెండో చెయ్యనుకున్నారు.

ఆఫీసరమ్మ వచ్చి, టీ వద్దని, సూటిగా విషయంలోకి దిగారు.

"భోజనశాల కావాలనేవాళ్లు చేతులెత్తండి."

కుట్టుమిషన్ అక్క చెయ్యి సగం లేచింది.

"నువ్వు అద్దెకున్నదానివి కదమ్మా, నీకెందుకు?" అన్నారు ఆడిటర్‌గారు.

"ఈ వీధిలోనే ఉంటున్నారుగా, చాలు" అన్నారు ఆఫీసరమ్మ. అయినా అక్క చెయ్యి మెల్లగా కిందికి దిగుతోంది.

నేను నాది ఎత్తాను. జిడ్డుగా ఉంది, మోచేతి దాకా నూనె చిందిన మచ్చలు.

"ఇప్పుడు కాదు, మనది తర్వాత" అన్నారు మావారు పళ్లు బిగించి.

"నాది ఇప్పుడేనండీ."

అక్క చెయ్యి దిగడం ఆగి, పూర్తిగా పైకి లేచింది. వంటింటి గుమ్మంలో ప్లేట్లు తుడుస్తున్న ఆడిటర్‌గారి భార్య గుడ్డ భుజాన వేసుకుని చెయ్యెత్తింది. "ఏమోయ్!" అన్నారాయన. ఆవిడ ఫ్యాను వైపు చూస్తోంది. ఆమె వెనక ఒక్కొక్కటే మిగతా ఆడవాళ్ల చేతులు.

"ఎక్కువమంది కావాలనే అంటున్నారు. అదే పైకి రాస్తాను" అని ఆఫీసరమ్మ చేతులు లెక్కపెట్టుకుని లేచారు.

అందరూ వెళ్లిపోయారు, ప్లేట్లు ఎక్కడివక్కడే వదిలేసి. మూకుడు అడుగున కాస్త మాడిన ముక్క ఒకటి మిగిలింది.

"నలుగురిలో పరువు తీశావు" అన్నారు మావారు సోఫాలోంచి. "నీకేం తక్కువైందట? ఇంట్లో తిండి లేదా?"

"ఉంది. కూర్చుని, మీ పక్కన, వేడిగా ఉండగా తినాలని ఉంది. ఈ ఇంట్లో కుదరడం లేదు. అక్కడైతే మనిద్దరికీ ఇంకెవరో వడ్డిస్తారు."

ఆయన అలవాటు చొప్పున ఖాళీ ప్లేటు నా వైపు చాచారు.

ఆ మాడిన ముక్క నోట్లో వేసుకుని, వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.