ఒట్టి రాడ్డు

మిర్యాలగూడలో డంబెల్స్ దొరకవని కాదు నేను సూర్యాపేట బస్సెక్కింది. మిర్యాలగూడలో నన్నెరగని మిల్లు లేదు, నన్నెరగని టీకొట్టు లేదు. నలభై ఏళ్ళు బియ్యం బస్తాలు మోసిన హమాలీ అచ్చయ్య, అరవై దాటాక ఇనుప బిళ్ళలు కొనుక్కుని కండలు పెంచుతున్నాడని తెలిస్తే చాలు, ఒక్కొక్కడు టీ తాగే వంకతో నన్ను చూడడానికే వస్తాడు. నవ్వితే నవ్వనీ అని ఊరుకునే గుణం నాది కాదు. ముందు కోపం పుట్టింది, తర్వాత నువ్వు పుట్టావు అనేది మా అమ్మ.

సూర్యాపేట బస్టాండ్ దగ్గర ఆట సామాన్ల దుకాణం ఒకటుంది. దుకాణదారు పేరు కృపాకర్, యాభై దాటిన మనిషి. డంబెల్స్ కావాలన్నాను.

"ఎవరికి కాకా, మనుమనికా?"

"నాకే."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వితే ఏమనాలో బస్సులోనే సిద్ధం చేసుకున్నాను. అతను నవ్వలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. ఎందుకని అడిగాడు.

"మా ఇంటామెకు పక్షవాతం. మంచం మీదికెల్లి కుర్చీలకు, కుర్చీలకెల్లి మంచం మీదికి ఎత్తాలె. ఎత్తలేకపోతున్న" అన్నాను. ఆ మాట బయటి మనిషితో అనడం అదే మొదలు.

సరోజనకు ఎడమ పక్క పడిపోయింది. మాకు పిల్లలు లేరు. దవాఖాన నుంచి తెచ్చాక అన్నీ నేనే చూసుకున్నాను. వంట, స్నానం, జడ. జడ కొంచెం వంకరగా వచ్చేది, ఆమె ఏమీ అనేది కాదు. ఒకరోజు బాత్రూంలో కుర్చీ మీంచి ఎత్తబోతే నా చేతులు వణికి పట్టు జారింది. ఇద్దరం పడ్డాం. ఆమె నుదుటికి దెబ్బ తగిలింది. గోడ అవతల ఉండే రూతమ్మ చప్పుడు విని వచ్చి లేపేదాకా ఇద్దరం తడినేల మీదే ఉన్నాం.

మర్నాడు సరోజన తమ్ముడు సైదులు చిలుకూరు నుంచి తన ఆటో వేసుకుని వచ్చాడు. "నీ వల్ల కావట్లేదు బావా. కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంటది. నీ చేతుల్లో బలమొచ్చినాక తీసుకుపోదువులే" అన్నాడు. మంచికే అన్నాడు. కానీ హమాలీతో బలం సంగతి ఎత్తకూడదు.

నాకు గుచ్చుకున్నది అతని మాట కాదు. సరోజన నోరు విప్పలేదు. పోనని అనలేదు, ఉంటానని అనలేదు. ఆటోలో కూర్చోబెడుతుంటే నా చేతుల వంక ఒకసారి చూసి కళ్ళు దించుకుంది. నా చేతుల మీద ఆమెకు నమ్మకం పోయిందని అర్థమైంది. ఆ నమ్మకం మళ్ళీ రావాలి, ఆమె మళ్ళీ ఇంటికి రావాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు. ముసలితనంలో కూడా బరువులెత్తితే కండ పెరుగుతుందని ఆమెకు వ్యాయామం చేయించే ఇంద్రజ మేడం ఎప్పుడో అన్నది గుర్తొచ్చి, ఇదిగో, ఇలా వచ్చి పడ్డాను.

కృపాకర్ రెండు రకాలు బల్ల మీద పెట్టాడు. మొదటిది చూడముచ్చటగా ఉంది. కొసన చక్రం తిప్పి ఎన్ని కిలోలు కావాలంటే అన్ని పెట్టుకోవచ్చు. అన్ని బిళ్ళలే రాడ్డుతో లేస్తాయి, మిగతావి కింది తొట్టిలో ఉండిపోతాయి. తిప్పి చూశాను. బస్తాలకు గుచ్చే కొక్కెం పట్టి పట్టి నా వేళ్ళ కణుపులు బిరుసెక్కాయి. చక్రం సరిగ్గా కూర్చుందో లేదో నా వేళ్ళకు తెలియలేదు.

"కూసోకపోతె బిళ్ళ జారి కాలు మీద పడ్తది కాకా. ఇంకోటి, దీంట్ల తక్కువల తక్కువ ఐదు కిలోలు. అంతకు తగ్గించరాదు."

"ఐదు కిలోలు నాకొక లెక్కనా?"

అతను రెండోది నా చేతికిచ్చాడు. అది మొరటుది. ఒక రాడ్డు, దానికి ఎక్కించే బిళ్ళలు, రెండు కొసలా బిగించే నట్లు. బిళ్ళలు అర కిలో నుంచి ఉన్నాయి. "పట్టుకోని సూడు. రాడ్డు సన్నగున్నది, నీ పిడికిలి నిండుగ మూసుకుంటది. నట్టు బిగిసిందా లేదా కంటికే కనపడ్తది. ఇది తీస్కపో. మొదలు రెండు నెలలు ఒట్టి రాడ్డే ఎత్తు. ఆ తర్వాత అర కిలో, ఇంకో అర కిలో."

ఒట్టి రాడ్డు పిల్లల గిలక్కాయ కన్నా కాస్త బరువుంది. నాకు ఒళ్ళు మండింది. "క్వింటా బస్తా మోసినోన్ని. నాకు ఒట్టి రాడ్డా?"

"మోసుడు వేరు కాకా, ఎత్తుడు వేరు" అన్నాడు బిళ్ళలు సంచిలో వేస్తూ.

దుకాణంలో కూర్చునేవాడికి బరువు సంగతేం తెలుసు అనుకున్నాను. అయినా ఆ మొరటుదే కొన్నాను. నట్టు కంటికి కనపడుతుందన్న మాట నచ్చింది. బస్సులో సంచి గణగణమంటుంటే కండక్టర్ ఏముందని అడిగాడు. నాగలి కర్రులన్నాను. ఇంకేమనను.

ఇంటికి రాగానే ఉన్న బిళ్ళలన్నీ ఎక్కించాను. కృపాకర్ మాట వింటే నేను అచ్చయ్యనెలా అవుతాను? ఒక్క ఊపున లేపాను. కుడిభుజంలో ఏదో పుటుక్కుమంది. వినేవాళ్ళు లేరు కాబట్టి అరవలేదు. ఆ భుజం దువ్వెన పట్టుకునేంతగా బాగుపడడానికే చాలా రోజులు పట్టింది. అప్పుడు బిళ్ళలన్నీ విప్పి మంచం కిందికి తోసి, సిగ్గు చంపుకుని ఒట్టి రాడ్డు పట్టుకున్నాను.

పొద్దున లేచి తలుపు గడియ పెట్టుకుని ఎత్తేవాణ్ణి. మిల్లులో పని అంటే కేకలు, ఎకసెక్కాలు. ఒక్కో బస్తా గడప దాటుతుంటే గుమస్తా పెద్ద గొంతుతో లెక్క చదివేవాడు. ఆ లెక్క వింటూ పోతే బరువు తెలిసేది కాదు. ఇక్కడ నా ఊపిరి చప్పుడు తప్ప మరేం లేదు. నేనే లెక్కపెట్టుకుని, మధ్యలో మరిచిపోయి, మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేవాణ్ణి. తప్పు లెక్కపెట్టినా అడిగేవాళ్ళు లేరు.

ఒక్కడికి అన్నం వండడం నాకు ఇప్పటికీ రాదు. రోజూ మిగిలేది. సాయంత్రం సైదులు భార్య మైసమ్మ ఫోన్ చేసి సరోజనకు ఇచ్చేది.

"తిన్నవా?"

"తిన్న."

"ఏం కూర?"

"పప్పు."

ఆ తర్వాత ఇద్దరికీ మాటలుండవు. "పెట్టేస్తున్న" అనేది. పెట్టేశాక కూడా కాసేపు ఫోన్ చెవి దగ్గరే ఉంచుకునేవాణ్ణి. డంబెల్స్ సంగతి ఆమెకు చెప్పలేదు. చెప్పడం కాదు, ఎత్తి చూపించాలనుకున్నాను. మధ్యలో పోయి చూసి రాలేదు కూడా. ఉత్తచేతులతో ఏ ముఖం పెట్టుకుని పోను?

చలికాలం పోయింది. అర కిలో బిళ్ళ ఎక్కింది, దాని పక్కన కిలో ఎక్కింది. ఎండలు ముదిరేసరికి మంచం కింద ఒక్క బిళ్ళ మిగల్లేదు. చొక్కా భుజాల దగ్గర బిగుతైంది. చూపిద్దామంటే మనిషి లేదు. అద్దం ముందు నిలబడి నేనే చూసుకుని, సిగ్గేసి పక్కకు జరిగాను. మర్నాడే కోదాడ బస్సెక్కి చిలుకూరులో దిగాను.

సరోజన నడవలో నవారు మంచం మీద ఉంది. నన్ను చూసి లేవబోయి లేవలేక నవ్వింది. ముఖం పీక్కుపోయినట్టు అనిపించింది గానీ నా ధ్యాసంతా నా చేతుల మీదే ఉంది.

"ఇంటికి పోదాం. సూడు" అని వంగి ఒక చెయ్యి ఆమె వీపు కింద, ఒక చెయ్యి మోకాళ్ళ కింద పెట్టాను. ఆమె ఒళ్ళు కట్టెలా బిగుసుకుపోయింది. కుడిచేత్తో మంచం పట్టె గట్టిగా పట్టుకుంది.

"వద్దయ్యా. ఇడిసిపెట్టు."

"ఒక్కసారి ఎత్తనియ్యి."

"వద్దన్న గద."

కళ్ళు మూసుకుంది. పట్టె వదల్లేదు. లాగితే వస్తుంది, కానీ లాగడానికి ఆమె బస్తా కాదు. చేతులు వెనక్కి తీసుకున్నాను. "ఎందుకు బావా, ఇక్కడే ఉండనీ" అన్నాడు సైదులు మెల్లగా.

బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఖాళీ ఇంట్లో అన్ని నెలలున్నా అంత ఒంటరితనం నాకు తెలియలేదు. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఒక పని ఉండేది, ఆ పని చివర ఆమె ఉండేది. ఇప్పుడు చేతుల నిండా బలం ఉంది, ఆ బలంతో చేసే పని లేదు.

లోపల్నుంచి ఆమె గొంతు వినిపించింది. "ఏమయ్యా, ఇటు రా."

వెళ్ళాను.

"నేను మిల్లుకు సద్ది తెస్తుంటి గద. ఎన్నిసార్లు సూడలేదు? నువ్వు ఏనాడన్న బస్తను చేతులతోని ఎత్తినవా?"

మిల్లులో మోసేవాడెవడూ బస్తాను ఎత్తడు. వంగి వీపు తిప్పుతాడు. వెనక ఇద్దరు చెరో కొస పట్టి లేపి ఆ వీపు మీద వేస్తారు. మోసేవాడు వాళ్ళను చూడనైనా చూడడు, నమ్మి నిలబడతాడు. నలభై ఏళ్ళలో నేను ఒక్క బస్తా కూడా ఎత్తలేదు. ఎన్నడూ చేయని పని నేర్చుకోవడానికి ఇన్ని నెలలు తలుపేసుకుని చెమటోడ్చాను. దుకాణంలో కృపాకర్ చెప్పనే చెప్పాడు, నా కోపం విననివ్వలేదు.

"ఈపు ఇటు తిప్పు" అంది. "సైదులూ, మైసమ్మా, మీరిద్దరు నన్ను ఆయిన ఈపు మీద ఎయ్యుండ్రి."

వంగాను. వాళ్ళు వేశారు. ఆమె కుడిచెయ్యి నా మెడ చుట్టూ వచ్చింది. ఒళ్ళు బిగుసుకోలేదు.

హమాలీ వీపుకు తూకం తెలుస్తుంది. మిల్లులో బస్తా పడీపడగానే, తక్కువుందంటే వెనక్కి తిరక్కుండానే "తక్కువున్నది" అని కేకేసేవాణ్ణి. తీసుకెళ్ళి కాంటా మీద పెడితే తక్కువే ఉండేది. పెళ్ళైన కొత్తలో మాడుగులపల్లి దగ్గర వాగు దాటించడానికి సరోజనను ఈ వీపు మీదే ఎక్కించుకున్నాను. ఆ బరువు నా వీపు మరిచిపోలేదు. ఇప్పుడు అందులో సగం కూడా లేదు.

తక్కువున్నదని ఎవరికని కేక వేయను? అక్కడ నేను అర కిలో, అర కిలో ఎక్కిస్తూ కూర్చున్నాను. ఇక్కడ ఈమె అంతకంత కరిగిపోయింది. ఈ మనిషిని మోయడానికి ఏ డంబెల్సూ అక్కర్లేదు. మొదటి నెలలోనే వచ్చి వీపు తిప్పి ఉంటే సరిపోయేది. ఆటో దాకా నడుస్తూ ఏడ్చాను. ఆమె వెనక ఉంది కాబట్టి నా ముఖం కనపడలేదు.

సైదులే మిర్యాలగూడ దాకా తెచ్చి దింపి వెళ్ళాడు. దించడం తేలిక, అది ఒక్కడి పనే. తెల్లారాక తెలిసింది అసలు సంగతి. ఆమె మంచం అంచున కూర్చుంది, నేను ముందు వీపు తిప్పి కూర్చున్నాను, వెనక ఎత్తేవాళ్ళు లేరు. ఆమె మెడ చుట్టూ చెయ్యి వేసింది గానీ నెలల తరబడి మంచం పట్టె తప్ప మరేదీ పట్టని చెయ్యి అది. నేను లేవబోతే జారి పరుపు మీదే కూర్చుండిపోయింది. రెండోసారీ అంతే. ఆ పూటకు రూతమ్మను పిలిచాను. పిలవడానికి గోడ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

రూతమ్మ వెళ్ళాక మంచం కింద నుంచి డంబెల్ లాగాను. నట్లు విప్పి ఒక్కొక్క బిళ్ళే తీసి నేల మీద పెట్టి, మిగిలిన రాడ్డును సరోజన కుడిచేతిలో పెట్టాను.

"ఏందిది?"

"మోసేది నేను. ఎత్తుకునేది నువ్వే గావాలె. మెడ పట్టుకోని లేవాలంటె ఈ చేతుల బలముండాలె. రూతమ్మ దినాం వస్తదా?"

ఆమె రాడ్డును చూసింది, నేల మీద బిళ్ళల కుప్పను చూసింది. "గవన్ని నీకు, నాకు ఒట్టి రాడ్డా?"

నాకు నవ్వొచ్చింది. ఆ ఇంట్లో నవ్వి ఎన్నాళ్ళైందో. "రెండు నెలలు ఒట్టి రాడ్డే" అన్నాను.

ఎత్తింది. రాడ్డు జానెడు లేచి పరుపు మీద పడిపోయింది. ఆమె ఆయాసపడుతుంటే, అన్నాళ్ళూ నాలో నలుగుతున్నది అడిగేశాను.

"ఆనాడు ఆటో ఎక్కేటప్పుడు ఒక్క మాటనలేదు నువ్వు. నిన్న పట్టె ఇడువలేదు. నా చేతుల మీద అంత నమ్మకం పోయిందా?"

ఆమె నా ముఖం వంక వింతగా చూసింది. "నేనుంట అంటె నువ్వు మళ్ళ ఎత్తబోతవు. నేను పడ్తనని కాదయ్యా. నేను పడ్డా ఈ మంచంలనే ఉంట. నువ్వు మంచాన పడితె నిన్నెత్తెటోళ్ళు ఎవరు?"

ఆమె పరుపు మీద తడిమి రాడ్డు పట్టుకుంది.

"లెక్కపెట్టు" అంది.

"ఒకటి" అన్నాను.