సాక్ష్యానికి తెచ్చిన వల

పున్నమ్మ పాలకాయతిప్ప నుంచి తెల్లవారుజాము బస్సులో అవనిగడ్డ వచ్చి మా వీధిలో చేపలు అమ్మేది. తొంభై ఎనిమిదిలో ఒకరోజు తట్ట లేకుండా వచ్చి గుమ్మంలో కూర్చుంది. బందరులో ఆరు వేలు పోసి కొన్న నైలాన్ వల ఇరవై రోజులకే ఎక్కడపడితే అక్కడ తెగిపోతోందట. రాళ్ళకు తగిలించి చింపుకుని ఉంటారని కొట్టు యజమాని తోసిపుచ్చాడట. రొయ్యల రోజులు రెండు నెలల్లోకి వచ్చాయి. అప్పటికి సొంత వల లేకపోతే ఆమె భర్త గంగన్నకు ఆ ఏడాదంతా పరాయి పడవ మీద కూలే.

వినియోగదారుల ఫోరంలో కేసు వేయమని చెప్పింది నేనే. ఫీజు లేదనీ, వకీలు అక్కర్లేదనీ, తెల్ల కాగితం మీద రాసిస్తే చాలనీ పేపర్లో చదివాను. అది నిజమే. జిరాక్సుల ఖర్చు, ప్రతి వాయిదాకూ ఇద్దరి బస్సు ఛార్జీలు, ఆ రోజుకు పోయే అమ్మకం మాత్రం ఆ పేపరువాళ్ళు రాయలేదు. అన్నిటికన్నా ఎక్కువ నష్టం నా మాట వల్ల జరిగింది. వల సాక్ష్యం కనుక ముట్టుకోవద్దని గంగన్నకు గట్టిగా చెప్పాను. బాగుచేసుకుంటూ ఏదో విధంగా వేట సాగించగలిగినవాడు దాన్ని గోనెసంచిలో కట్టిపెట్టి, నెలన్నరపాటు ఇంకొకరి పడవ ఎక్కాడు.

రెండో వాయిదాలో కొట్టు తరపు వకీలు వలను ప్రయోగశాలకు పంపాలని అడిగాడు. ఆ పరీక్షకయ్యే తొమ్మిది వందలు ఫిర్యాదు చేసినవాళ్ళే ముందుగా కట్టాలట. పున్నమ్మ దగ్గర అంత లేదు. కట్టలేకపోతే కేసు అక్కడితో సరి.

మూడో వాయిదాకు వాళ్ళతో పాటు నేనూ బందరు ఫోరానికి వెళ్ళాను. సంచి వాసనకు కండక్టరు దాన్ని బస్సు పైన వేయమన్నాడు. పున్నమ్మ ఒప్పుకోక వెనక సీట్లో కాళ్ళ మధ్య పెట్టుకుంది. ముందు సీటువాళ్ళు చల్లపల్లి దాకా ముక్కు మీద నుంచి కొంగు తీయలేదు.

మధ్యాహ్నం దాకా మమ్మల్ని పిలవలేదు. పున్నమ్మా నేనూ టీ తాగి వచ్చేసరికి, ఫోరం వరండాలో గంగన్న వలను మోకాళ్ళ మీద పరుచుకుని కుడుతున్నాడు. వల కుట్టే సూది, దారం ఆయన ఎక్కడికి వెళ్ళినా వెంట ఉంటాయట. వలలో ఎన్ని కళ్ళు కుట్టావని అడిగాను.

"ఓ నలభై అయ్యుంటాయండి. చిరుగు ముందెట్టుకుని ఊరికే ఎట్టా కూచుంటామండి?"

"చేతులు కట్టేసి తీసుకురావాల్సింది నిన్ను," అంది పున్నమ్మ.

అంతలో మమ్మల్ని పిలిచారు. వకీలు వల కొస ఎత్తి పట్టుకుని, చిరుగులన్నారు, చిరుగులేవీ అని నవ్వాడు. ఫోరం ప్రెసిడెంటు గారు కళ్ళజోడు తీసి, సాక్ష్యాన్ని ఎందుకు బాగుచేశావని గంగన్నను అడిగారు. ఏం చెబితే బాగుంటుందా అని నేను మాటలు కూర్చుకుంటున్నాను. గంగన్న నా కోసం ఆగలేదు.

"నే కుట్టింది తెగదండి. దాని పక్కది లాగి చూడండి."

ఫోరం సభ్యుల్లో ఒకావిడ వలను బల్ల మీదకు తెప్పించుకున్నారు. కుట్టిన కంటిలో రెండు వేళ్ళు పెట్టి లాగితే వేళ్ళు ఎర్రబడ్డాయి గాని దారం తెగలేదు. పక్క కన్ను పుటుక్కున తెగింది. ఆ పక్కదీ అంతే. ప్రెసిడెంటు గారు కొట్టు యజమానిని కూడా వచ్చి లాగమన్నారు. ఆయన నిలుచున్న చోటే ఉండిపోయాడు. వకీలు మళ్ళీ ప్రయోగశాల మాట ఎత్తాడు.

"పంపిద్దాం. ఫీజు మీ పార్టీ కడతారా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

వకీలూ యజమానీ గుసగుసలాడుకున్నారు. పదిహేను రోజుల్లో కొత్త వల ఇస్తామన్నారు. అలాగే రాసుకుని, ఖర్చులు ఎంతయ్యాయని ప్రెసిడెంటు గారు అడిగారు. టికెట్లతో సహా నా చీటీ సిద్ధంగా ఉంది, మూడు వందల నలభై. పున్నమ్మ నా చెయ్యి గోకింది.

"ఆయన పరాయి పడవెక్కిన నెలన్నరా ఏదండి అందులో?"

రసీదు లేని ఖర్చని వదిలేశాను. ఆ నెలన్నర మాట ప్రెసిడెంటు గారికి చెప్పడానికి నాకే సిగ్గేసింది, అయినా చెప్పాను. మొత్తం వెయ్యి రాశారు. పోయినదానికి అది తక్కువే.

పన్నెండో రోజున పున్నమ్మా గంగన్నా బందరు వెళ్ళారు. గంగన్న కొట్టులోనే కొత్త వల పరిపించి, బారెడు బారెడు చొప్పున ప్రతి కన్నూ లాగి చూశాడట. గంట పట్టిందట. అంతసేపూ రెండో కొస పట్టుకుని నిలబడింది కొట్టు యజమానేనని చెబుతూ, పున్నమ్మ తట్టలోంచి రొయ్యలు తీసి నా గిన్నెలో పోసింది.