సోమమ్మ వంతు

నాకు కోపం ఎక్కువ. కొంటా ఊళ్ళో జీపు స్టాండులో గవర్రాజు ఎలాంటివాడని అడిగితే ఎవరైనా ముందు ఈ మాటే చెబుతారు. సీటు మీద కాళ్ళు పెట్టేవాళ్ళన్నా, మేకపిల్లతో ఎక్కేవాళ్ళన్నా నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి నేను ఐదేళ్ళపాటు ఒక ముసలమ్మ ఎక్కడికంటే అక్కడికి జీపు తోలానంటే మా ఆవిడ పైడమ్మ ఇప్పటికీ నమ్మదు.

ఆ ముసలమ్మ పేరు సోమమ్మ. కొంటాకు పాతిక కిలోమీటర్ల లోపల, అడవిలో, తాటిగుంపు ఆమె ఊరు. ఐదేళ్ళ క్రితం ఏదో కేసులో ఆ ఊరి మగవాళ్ళను తొమ్మిదిమందిని పోలీసులు పట్టుకెళ్ళారు. వాళ్ళలో ఆమెకు చుట్టం ఒక్కడూ లేడు. అయినా ఆ వచ్చిన మంగళవారమే ఊళ్ళో ఆడవాళ్ళను వెంటబెట్టుకుని కొంటా వచ్చి సర్కారు ఆఫీసు ముందు కూర్చుంది. జెండా లేదు, నినాదం లేదు. తొమ్మిది పేర్లూ ఒక్కొక్కటే చెప్పి, "వీళ్ళు యాడున్నరు సాహెబ్, ఎప్పుడొస్తరు" అని అడిగేది. జవాబు రాకపోతే మళ్ళీ మొదటి పేరు నుంచి ఎత్తుకునేది. సొరకాయ బుర్రలో తెచ్చుకున్న అంబలి కాపలా జవానుకు కూడా పోసేది. ప్రతి మంగళవారం ఇదే వరస.

మొదట్లో నేను కిరాయికే వెళ్ళాను. ఒక మంగళవారం ఆఫీసు ముందు తోపులాట అయింది. వాళ్ళ ఊరి నుంచే వచ్చిన భీమా అనే ఆయన కోపం పట్టలేక రాయి ఎత్తాడు. సోమమ్మ నెమ్మదిగా వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది. "మంచి రాయే తెచ్చినవ్. కింద బెట్టి దాని మీద కూసో, నేల కాలుతున్నది" అంది. భీమా నిజంగానే రాయి దించి దాని మీద కూర్చున్నాడు. ఎదురుగా లాఠీ ఎత్తినాయన కూడా దించేశాడు. జీపులోంచి చూస్తున్న నాకు సిగ్గేసింది. గంట క్రితమే నేను అడ్డమొచ్చిన సైకిలువాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టి ఉన్నాను. ఆ రోజు నుంచి ఆమె కబురు పెడితే వేరే బేరం వదులుకుని వెళ్ళేవాణ్ణి.

తాటిగుంపువాళ్ళకు ఒక ఆచారం ఉంది. చెట్టు నిండా కాసినా, పండుగ చేసి, చనిపోయిన తమ పెద్దలకు మొదటి వంతు పెట్టేదాకా కొత్తది ఎవరూ నోట పెట్టరు. మామిడికాయైనా, ఇప్పపువ్వైనా, కొత్త బియ్యమైనా అంతే. సోమమ్మ దానికి తన మాట ఒకటి చేర్చింది. తొమ్మిదిమందీ ఇంటికొచ్చి కొత్త తింటేనే తనూ తింటానంది. పండుగనాడు ఊరంతటికీ తనే పంచేది, తన వంతు మాత్రం ముట్టేది కాదు. రెండో ఏడాది ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆమెతోపాటు మానేశారు. నాలుగో ఏడాదికి పన్నెండు ఊళ్ళ ఆడవాళ్ళు మానేశారు. ఊరికి సాహెబులు ఎవరొచ్చినా కొత్త మామిడి కోసి పెట్టి, తాము తినకుండా ఎదురుగా కూర్చునేవాళ్ళు. అలా చూస్తుంటే ఎవరికి ముక్క మింగుడుపడుతుంది? మెల్లగా కోర్టులో పేశీలు, అంటే విచారణలు, కదిలాయి. ఒక్కొక్కరే నిర్దోషులని తేలి ఇళ్ళకు వచ్చారు. ఇప్పటికీ ఆ ఊళ్ళలో రేషన్ ఆగినా, బడికి టీచరు రాకపోయినా ఆడవాళ్ళు వెళ్ళి ఆఫీసు ముందు కూర్చుంటారు. పేర్లు చెబుతారు. రాళ్ళు కూర్చోడానికే పనికొస్తున్నాయి.

ఇక నా నిర్వాకం చెప్పాలి. మొదటి ఏడాది మామిడి పండుగ మర్నాడు సోమమ్మ తన వంతు మామిడికాయ తెచ్చి నా చేతిలో పెట్టింది. "జైల్ల ముయాకియ్యి బిడ్డా. ఆనికి అమ్మ లేదు, ఆలి లేదు" అంది. తొమ్మిదిమందిలో అందరికంటే చిన్నవాడు ముయా. జైలు గేటు దగ్గర బయటి తిండి లోపలికి వెళ్ళదన్నారు. అరిచాను, బతిమాలాను, కుదరలేదు. తిరిగొస్తుంటే ఆకలేసింది. పారెయ్యడానికి మనసొప్పక హోటల్లో ఉప్పు అడిగి, నేనే తినేశాను. ఊరికొచ్చి "తిన్నాడవ్వా, బాగుందన్నాడు" అని అబద్ధం చెప్పాను. ఆమె తృప్తిగా తలూపింది. ఆ తృప్తి చూశాక నిజం చెప్పడానికి నోరు రాలేదు. మరుసటి ఏడాది ఆమె రెండు కాయలిచ్చింది. ఆ పై రెండేళ్ళూ రెండేసి. గేటు దగ్గర ప్రతిసారీ అదే జవాబు. మొత్తం ఏడు కాయలూ నా కడుపులోకే పోయాయి.

ఈ ఫిబ్రవరిలో జ్వరమొచ్చి సోమమ్మ పోయింది. మార్చిలో అందరికంటే చివరగా ముయా విడుదలయ్యాడు. ఏప్రిల్లో మామిడి పండుగకు నన్నూ రమ్మన్నారు. వెళ్ళేసరికి పన్నెండు ఊళ్ళ ఆడవాళ్ళు వచ్చి చెట్ల కింద కూర్చుని ఉన్నారు గానీ పండుగ కళ లేదు. పూజ చేసే హుంగా నన్ను పక్కకు పిలిచాడు.

"ముయా తినడంట. వాడు తినకుంటే ఈళ్ళెవ్వరూ తినరు. అవ్వ మాట సగంల ఆగిపోతది. నీ జీపుల తిరిగిన మనిషి గద ఆమె, నువ్వు చెప్పి చూడు" అన్నాడు.

ముయా ఊరి చివర ఒక దుంగ మీద కూర్చుని ఉన్నాడు. జైలు అతన్ని బాగా లాగేసింది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు.

"నా కోసం కడుపు గట్టుకుని పోయింది. ఎట్ల తినాలె అన్నా" అన్నాడు.

ఓదార్చడం నాకు చేతకాదు. చేతనైంది ఒక్కటే, నా తప్పు ఒప్పుకున్నాను. ఆమె నీకు పంపిన కాయలు ఏడూ నేనే తిన్నాను, ఆమెకు అబద్ధం చెప్పాను, ఇక్కడ తినడానికి అర్హత లేనివాణ్ణి నేను, నువ్వు కాదు అన్నాను. తిడతాడనుకున్నాను. ముయా నా వైపు వింతగా చూశాడు.

"అవ్వకు తెలుసు గదన్నా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"మొదటేడే పేశీకొచ్చినప్పుడు అడిగింది, కాయ ఎట్లున్నదని. ఏం కాయ అన్న నేను. మస్తు నవ్వింది. ఆయన మన కోసం ఎండల తిరుగుతుండు, ఈ ఊర్ల ఆయనకు ఇల్లు లేదు, వంతు లేదు, మన కొత్త ఆయన నోట్ల పడనియ్ అన్నది. వచ్చే ఏడు లక్కే వంతు గూడ కలిపి పంపుత అన్నది."

లక్కే ఆమె కూతురు. నేను ఏడ్చాను. నలభై ఏళ్ళు స్టీరింగ్ పట్టుకుని, ఎవరి ముందూ కన్నీళ్ళు పెట్టనివాణ్ణి. నేను దొంగతనం అనుకున్నది ఆమె పెట్టిన భోజనం. నా అబద్ధాన్ని నా ఎదుట నవ్వుకోకుండా నాలుగేళ్ళు మోసింది. ఆమెకు కృతజ్ఞత చెప్పే వీలు కూడా లేకుండా పోయిందే అని నాకు చాలా బాధ కలిగింది.

అప్పుడే హుంగా పూజ మొదలుపెట్టాడు. ఇద్దరం లేచి వెళ్ళాం. హుంగా విస్తరాకు పరిచి, ఊళ్ళో చనిపోయిన పెద్దలను పేరుపేరునా పిలుస్తూ కోసిన మామిడి ముక్కలు పెడుతున్నాడు. పాత పేర్లన్నీ అయ్యాక ఆగి, కొత్త పేరు పిలిచాడు.

"సోమమ్మా, రా. తిను."

ముయా తల ఎత్తాడు. ఆ సంగతి మాకిద్దరికీ తట్టనే లేదు. నాలుగేళ్ళు ప్రతి పండుగకూ అందరికీ పెట్టి తను పస్తున్న మనిషి, ఈసారి ఊరందరికంటే ముందు తింటోంది.

లక్కే వంతులు పంచుతూ నా దగ్గరికొచ్చింది. వాళ్ళమ్మ ఇచ్చినట్టే రెండు కాయలు నా చేతిలో పెట్టి ముందుకు వెళ్ళింది. నేను ముయా ఎదుటికి వెళ్ళి ఒకటి చాపాను.

"అవ్వ నీకిమ్మంది. కొంచెం ఆలస్యమైంది" అన్నాను.

ముయా రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. కొరికాడు. పులుపుకు అతని ముఖం ముడుచుకుపోయింది. చెట్ల కింద ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు కొరకడం మొదలుపెట్టారు. నేను వాళ్ళ మధ్య కూర్చుని, నా కాయ అందరికీ కనబడేలా తిన్నాను.