చెరగని ఎర్రనాలుక

తప్పు బామ్మది కాదు. ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలిచే ఆ ఐదేళ్ల మనవరాలు, థర్మామీటరును వేడి టీలో ముంచి బడి ఎగ్గొట్టిన ఘనురాలు. అమ్మ లిప్‌స్టిక్‌తో ఒళ్లంతా చుక్కలు పెట్టుకుని, తట్టు పోసిందని పక్కింటావిడను హడలగొట్టింది కూడా. అలాంటిది కళ్లూ పెదాలూ ఎర్రగా, నాలుక మరీ ఎర్రగా చేసుకుని మంచమెక్కితే ఎవరు నమ్ముతారండీ?

జ్వరం మాత్రం నిజమే. మందేస్తే తగ్గినట్టే తగ్గి, మళ్లీ ఎక్కుతోంది. రంగు సంగతి తేల్చేస్తానని బామ్మ తడిగుడ్డ తెచ్చింది.

"చాపవే నాలుక, దొంగమొహమా!"

చాపింది. బామ్మ తుడిచింది. గుడ్డ తెల్లగానే ఉంది. పోనీ పిల్ల నవ్విందా, గుడ్డను కొరికిందా? అబ్బే! "మంటగా ఉంది బామ్మా" అని గొణిగి అటు తిరిగి పడుకుంది. ఆసుపత్రికి పదమని బామ్మ కొడుకును కేకేసింది.

"రేపు చూద్దాంలే అమ్మా" అన్నాడు కొడుకు.

"నీ రేపు తగలెయ్య! అది బుద్ధిగా ఉందిరా, నీకు భయం వేయట్లేదూ?"

ఆసుపత్రిలో డాక్టరమ్మ వాచిన అరచేతులు చూసింది, మెడ తడిమింది. "దీన్ని కవాసాకి జబ్బంటారు. పిల్లల్లో అరుదుగా వస్తుంది. రక్తనాళాలు వాస్తాయి. గుండెకు రక్తమిచ్చే నాళాలు ఉబ్బితేనే ప్రమాదం. వేళకే తెచ్చారు, వెంటనే మందు ఎక్కిద్దాం."

మందు ఎక్కింది, జ్వరం దిగింది. పిడుగు మాత్రం పెట్టింది తిని, చెప్పినట్టు పడుకుంటోంది. "ఎంత బుద్ధిమంతురాలో!" అని నర్సు మురిసిపోయింది. బామ్మ ఆవిణ్ణి కొరకొరా చూసింది.

ఓ ఉదయం బామ్మ పళ్లసెట్టు గ్లాసులో వేసి కునుకు తీస్తుంటే, డాక్టరమ్మ వచ్చి పిల్ల మీదికి వంగి గుండె చప్పుడు విన్నది. "గుండె స్కాను బాగుంది. నాళాలు ఉబ్బలేదు. మళ్లీ పరీక్షలకు మాత్రం తప్పకుండా రావాలి" అంది.

బామ్మ లేచి కూర్చుంది గానీ నమ్మకం కుదరలేదు. స్కానుకేం తెలుసు? పిల్ల ఇంకా దుప్పటి ముక్కుదాకా కప్పుకుని బుద్ధిగానే ఉందాయె.

పెన్ను కోసం కోటు జేబులో చెయ్యి పెట్టిన డాక్టరమ్మ కెవ్వుమంది. చేతికొచ్చింది పళ్లసెట్టు!

దుప్పటి కిసుక్కుమంది.

బామ్మ బోసినోటితో ఏడుస్తూ, నవ్వుతూ పిల్లను వాటేసుకుంది. "దొంగమొహమా! ఇంకా ఏం దాచావే?" అంది ఆశగా.

"చెప్పనుగా!" అంది పిడుగు.